ఇంటా వంటా లేని పని

క్రీ.పూ. 70లో రోమన్ సేనాపతి పాంపేకి ఒక చిక్కు వచ్చిపడింది. అప్పటికి అతనికి 35 ఏళ్ళు. ఆఫ్రికాలో గెలిచాడు, స్పెయిన్‌లో గెలిచాడు, రోమ్ వీధుల్లో రెండుసార్లు విజయోత్సవం జరిపించుకున్నాడు. ఆ ఊపులో ఏకంగా కాన్సల్ అయిపోయాడు. కాన్సల్ అంటే ఏడాదిపాటు ఊరిని ఏలే పెద్ద పదవి. పెద్దల సభ అయిన సెనేట్‌ని పిలవాలి, నడపాలి. మనవాడు అంతకుముందు ఆ సభలో ఒక్క రోజు కూడా కూర్చున్న పాపాన పోలేదు. ముందు ఎవరిని మాట్లాడమనాలి, ఎవరి తర్వాత ఎవరు, సభ ఎక్కడ పెడితే చెల్లుతుంది, ఏ వేళకి ముగించాలి, ఏదీ తెలియదు. చూసుకుందామంటే ఎక్కడా రాసి లేదు. చివరికి పండితుడైన స్నేహితుడు వర్రోని పట్టుకుని, సెనేట్ ఎలా నడపాలో ఒక పుస్తకం రాసిపెట్టమన్నాడు. వర్రో రాసిచ్చాడు. ఆ పుస్తకం కాస్తా తర్వాత ఎక్కడో పోయింది.

ఇది చదివి నవ్వుకున్నాను గానీ, ఆ తర్వాత చాలా రోజులు బుర్రలో తిరుగుతూనే ఉంది. మధ్యధరా సముద్రం చుట్టూ పెత్తనం చేస్తున్న ఊరు అది. అంత ఊరిని నడిపే పద్ధతులు ఒక్కచోట రాసి లేక, పదవిలోకొచ్చిన మనిషే గైడు రాయించుకోవాల్సి వచ్చింది.

నాకు మా అత్తగారు గుర్తొచ్చారు. పెళ్ళైన కొత్తలో ఒక సాయంత్రం పక్కింటావిడ గిన్నె పట్టుకొచ్చి పెరుగు తోడు అడిగితే ఇచ్చేశాను. ఆవిడ వెళ్ళాక అత్తగారు గొంతు పెంచకుండానే, "దీపాలు పెట్టాక తోడు ఇవ్వడం మన ఇంటా వంటా లేదమ్మా" అన్నారు. సరే, నేర్చుకున్నాను. రెండేళ్ళు పోయాక సరిగ్గా అదే వేళకి, వీధి చివరింటావిడకి అత్తగారే స్వయంగా గిన్నెలో తోడు వేసి ఇవ్వడం చూశాను. నా చూపు గమనించి, "ఆవిడ సంగతి వేరులే" అన్నారు. ఎందుకు వేరో ఇప్పటికీ నాకు తెలియదు.

రోమన్లు 'మోస్ మైయోరుమ్' అనేదాన్ని పుస్తకాల్లో 'పూర్వీకుల ఆచారం' అని రాస్తుంటారు. నన్నడిగితే 'ఇంటా వంటా' అన్నదే దానికి దగ్గరి తెలుగు. ఏం చెయ్యాలో అది చెప్పదు. చెయ్యకూడనిది చేశాక మాత్రం చెబుతుంది.

ఈ రాయని రాజ్యాంగం గురించి అందరూ చెప్పే కథ ఒకటుంది. పాత రోమన్లు నిగ్రహం ఉన్న మనుషులు, అందుకే వాళ్ళకి రాసుకోవాల్సిన అవసరం రాలేదు. తర్వాత డబ్బొచ్చింది, దానితో దురాశ వచ్చింది, మనుషులు చెడ్డారు, పద్ధతి కూలింది. రోమన్లే ఈ కథ మొదలెట్టారు. పాంపే కాలపు వక్త సిసెరో రోజుల్లో ఇదే పాట. నేనూ చాలా ఏళ్ళు ఇదే నమ్మాను. ఇప్పుడు నమ్మట్లేదు. ఆ పద్ధతి నిలబడింది మంచితనం మీద కాదనీ, కుర్చీ దిగినవాడికి దిగాక ఏమీ కాదన్న ధీమా మీదనీ అనుకుంటున్నాను. ఆ ధీమా ఉన్నన్నాళ్ళూ ఆచారం నిలిచింది. అది పోయాక ఎంత మంచివాడైనా ఆచారాన్ని తొక్కుకుంటూ పోక తప్పలేదు.

చేతిలో ఉన్నదంతా వాడితే

లెక్క ప్రకారం చూస్తే రోమన్ ప్రభుత్వం ఒక్క రోజు కూడా నడవకూడదు. ఇద్దరు కాన్సల్‌లు. ఒకరు చేసేదాన్ని ఇంకొకరు ఆపెయ్యొచ్చు. సామాన్యుల తరఫున పదిమంది ట్రిబ్యూన్‌లు. వాళ్ళలో ఏ ఒక్కడు 'వీటో' అన్నా చట్టం ఆగిపోతుంది, సభ ఆగిపోతుంది. ఇక సెనేట్‌కైతే చట్టం చేసే అధికారమే లేదు. అది ఇచ్చేది సలహా. వినకపోతే శిక్ష వేస్తామని ఎక్కడా లేదు. అయినా వందల ఏళ్ళు కాన్సల్‌లు ఆ సలహాని ఆజ్ఞలాగే పాటించారు.

క్రీ.పూ. 167లో బందీగా రోమ్‌కి తీసుకొచ్చిన వెయ్యిమంది గ్రీకుల్లో పాలిబియస్ ఒకడు. పెద్దింటివాళ్ళతో కలిసి తిరిగాడు, అన్నీ దగ్గర్నుంచి చూశాడు. కాన్సల్‌లలో రాచరికం, సెనేట్‌లో పెద్దమనుషుల పాలన, ఓటేసే సభల్లో ప్రజాస్వామ్యం, ఈ మూడూ ఒకదాన్నొకటి పట్టి ఉంచుతాయని రాశాడు. తెలివైన మాటే. కానీ ఆయన బండికి ఎన్ని బ్రేకులున్నాయో లెక్కపెట్టాడు. అన్ని బ్రేకులూ ఒకేసారి ఎందుకు పడట్లేదో ఆయన లెక్కలోకి రాలేదు.

నాకు తోచింది ఇది. కాన్సల్ పదవి ఒక్క ఏడాది. ఆ ఏడాది అయ్యాక అతను ఎక్కడికీ పోడు. అదే సెనేట్‌లో, తను నిన్నటిదాకా పిలిచి కూర్చోబెట్టిన వాళ్ళ పక్కన, చచ్చేదాకా కూర్చోవాలి. వచ్చే ఏడు ఆ పైకుర్చీలో ఉండేది తన పక్కవాడే. పల్లెటూళ్ళో కాలవ నీళ్ళ వంతు లాంటిదన్నమాట. ఇవాళ గట్టు తెగ్గొట్టే పార నా చేతిలో ఉంది, రేపు ఎదుటివాడి చేతిలో ఉంటుంది. కాబట్టి ఇవాళ నేను పూర్తిగా కట్టెయ్యను. ఇందులో గొప్ప నీతేమీ లేదు. వంతు మళ్ళీ తిరిగి వస్తుందన్న నమ్మకం, నా వంతు కానప్పుడు నా పొలం ఎండదన్న నమ్మకం, ఈ రెండూ ఉంటే చాలు.

నిగ్రహానికి ఉదాహరణ అడిగితే అందరూ సిన్సినాటస్‌ని చూపిస్తారు. పొలం దున్నుకుంటుంటే వచ్చి నియంతని చేశారు, ఆరు నెలల అధికారం ఇచ్చారు, శత్రువుని ఓడించి పదహారో రోజునే దిగిపోయి మళ్ళీ నాగలి పట్టాడు. క్రీ.పూ. 458 నాటిదిగా చెప్పుకునే కథ ఇది. ఎంతవరకు జరిగిందో ఏమో గానీ, రోమన్లు తమ పిల్లలకి చెప్పుకున్నారు. రోమన్ చరిత్రకారుడు లివీ పుస్తకంలో ఈ ఘట్టం మళ్ళీ చదివితే ఒక వాక్యం తగిలింది. నిజానికి ఆయన ఇంకా ముందే దిగిపోయేవాడట. తన కొడుకు మీద దొంగ సాక్ష్యం చెప్పినవాడి విచారణ మిగిలుందని ఆగాడు. వాడికి దేశబహిష్కారం పడ్డాకే దిగాడు. నియంత పదవిలో ఉన్నాడు కాబట్టి ట్రిబ్యూన్‌లు భయపడి అడ్డు చెప్పలేదట. త్యాగమూర్తి అనుకున్న మనిషి, పోయే ముందు ఇంటి పగ కూడా తీర్చుకునే పోయాడు. నాకు ఆయన మీద గౌరవం తగ్గలేదు, ఇంకాస్త నమ్మకం కలిగింది. దిగాక తనని ఎవరూ ఏమీ చెయ్యకుండా చూసుకునే దిగాడు.

పద్దెనిమిదో ఓటు

ఇక్కడ క్రీ.పూ. 133 గురించి కొంచెం వివరంగా చెప్పాలి.

టైబీరియస్ గ్రాకస్ ట్రిబ్యూన్ అయ్యాడు. మనకి బాగా తెలిసిన రకం చట్టమే తెచ్చాడు, భూమి సీలింగు. ప్రభుత్వ భూమి ఎవరి దగ్గరైనా 500 యూగెరాలు, అంటే మన లెక్కలో సుమారు 310 ఎకరాలు మించి ఉండకూడదు, మిగిలింది పేదలకి పంచాలి. అసలు ఆ పరిమితి కొత్తది కూడా కాదు, ఎప్పుడో పెట్టి అందరూ మర్చిపోయింది. అతను సెనేట్ సలహా తీసుకోకుండా నేరుగా జనం ఓటుకి పెట్టాడు. అలా పెట్టకూడదని చట్టం లేదు. పెట్టే అలవాటే లేదు. తోటి ట్రిబ్యూన్ ఆక్టేవియస్ వీటో చేశాడు. వీటో హక్కు అతనికి ఉంది. కానీ జనం అంతగా కోరుకునే చట్టాన్ని చివరిదాకా పట్టుబట్టి ఆపడమూ అలవాటులో లేదు. అప్పుడు టైబీరియస్, ఖజానా ఉన్న శాటర్న్ గుడి తలుపులకి తన సీలు వేసి ప్రభుత్వ పనులన్నీ ఆపేశాడు. అదీ అతని హక్కే.

చూడండి, ఇంతవరకు ఎవరూ చట్టం మీరలేదు. ఇద్దరూ తమ చేతిలో ఉన్నదాన్ని పూర్తిగా వాడారు, అంతే.

ఆక్టేవియస్‌ని పదవి నుంచి తీసెయ్యాలా వద్దా అని టైబీరియస్ ఓటు పెట్టించాడు. ఓటింగు తెగలవారీగా జరుగుతుంది. మొత్తం 35 తెగలు, 18 అయితే మెజారిటీ. ఒక్కొక్క తెగే ఓటేస్తూ వచ్చింది. పదిహేడు అయ్యాయి, పదిహేడూ తీసెయ్యమన్నాయి. పద్దెనిమిదో తెగ ఓటు పడబోతుండగా టైబీరియస్ ఆపించాడు. అందరి ముందూ ఆక్టేవియస్‌ని కౌగలించుకుని, ముద్దు పెట్టి, ఈ అవమానం తెచ్చుకోకు, నన్నింత పనికి నెట్టకు అని బతిమాలాడు. ఆక్టేవియస్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయట. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అటు తిరిగి, గుంపుగా నిలబడి ఉన్న భూస్వాముల వైపు చూశాడు. చూసి, నీ ఇష్టమొచ్చింది చేసుకో అన్నాడు. పద్దెనిమిదో ఓటు పడింది. అతన్ని వేదిక మీంచి లాగి పడేశారు. గొడవలో అతని నౌకరు ఒకడి కళ్ళు పోయాయి.

నాకు ఈ దృశ్యంలో ఆచారం చనిపోవడం కనిపిస్తుంది. చంపుతున్నవాడే దాన్ని పట్టుకుని ఏడుస్తున్నాడు.

అక్కడితో ఆగలేదు. చట్టం పాసయ్యింది గానీ, టైబీరియస్ పదవీకాలం ముగియవస్తోంది. ట్రిబ్యూన్‌గా ఉన్నంతకాలం అతని ఒంటి మీద చెయ్యి వెయ్యడం మహాపాపం. దిగిన మర్నాడు మామూలు మనిషి. కేసులు పెడతారు, ఇంకేమైనా కూడా చేస్తారు. అందుకని వెంటనే రెండోసారి నిలబడ్డాడు. వరుసగా రెండోసారి నిలబడటం ఇంటా వంటా లేని పని. ఎదుటివాళ్ళకి అది రాజు కావాలన్న ఆశలా కనిపించింది. అతనికైతే అది బతకాలన్న ఆశ.

ఎన్నికల రోజున సెనేట్‌లో కొందరు, అతన్ని అణచమని కాన్సల్ స్కేవోలాని అడిగారు. విచారణ లేకుండా పౌరుణ్ణి చంపను అన్నాడాయన. ఆచారం మాట్లాడిన ఆఖరి మాట అదే అనుకుంటాను. అప్పుడు సిపియో నాసికా లేచి, రాజ్యాన్ని కాపాడాలనుకునేవాళ్ళు నా వెంట రండి అని పైబట్ట తలమీదికి లాక్కుని బయల్దేరాడు. ఈ నాసికా ఎవరో కాదు, టైబీరియస్‌కి స్వయానా పెద్దమ్మ కొడుకు. సెనేటర్లు బల్లల కాళ్ళు విరుచుకుని, కర్రలు, రాళ్ళు పట్టుకుని మీదపడ్డారు. మూడు వందల మందికి పైగా చచ్చారు. శవాలని రాత్రికి రాత్రి టైబర్ నదిలో పడేశారు.

పన్నెండేళ్ళ తర్వాత, క్రీ.పూ. 121లో, తమ్ముడు గైయస్ గ్రాకస్ కూడా అలాగే పోయాడు. మూడోసారి ట్రిబ్యూన్‌గా నెగ్గలేకపోయాడు, మామూలు మనిషయ్యాడు, చంపేశారు. ఈసారి సెనేట్ కొత్త తీర్మానం కనిపెట్టింది, రాజ్యానికి కీడు జరగకుండా కాన్సల్ చూసుకోవాలి అని. ఎంత మెత్తని వాక్యం. దాన్ని పట్టుకుని కాన్సల్ ఒపిమియస్ వేలమందిని చంపించాడు. మరుసటి ఏడు ఒపిమియస్ మీద విచారణ జరిగింది, నిర్దోషి అని వదిలేశారు. ఆ రోజు నుంచి రోమ్‌లో ప్రతి ఆశావహుడికీ ఒక పాఠం బోధపడింది. దిగితే చంపుతారు, చంపినవాడిని వదిలేస్తారు.

తెలిసినవాళ్ళ ఆచారం

ఇంతదాకా రాసి, నా వాదన నాకే కొంచెం అనుమానంగా అనిపించి రెండు రోజులు పక్కన పెట్టాను. నేను ఆ పాత పద్ధతిని మరీ ముద్దు చేస్తున్నానేమో.

ఎందుకంటే 'దిగినవాడిని ఏమీ చెయ్యకూడదు' అన్నది అందరికీ దక్కిన హామీ కాదు. అది ఆ నలభై యాభై కుటుంబాల మధ్య ఒప్పందం. సిసిలీకి గవర్నర్‌గా వెళ్ళిన వెర్రెస్ మూడేళ్ళు ఆ ద్వీపాన్ని దోచుకుతిన్నాడు, గుళ్ళలో విగ్రహాలతో సహా. క్రీ.పూ. 70లో విచారణకొచ్చినప్పుడు తీర్పు చెప్పే జ్యూరీలో కూర్చున్నది అతని తోటి సెనేటర్లే. సిసెరో గట్టిగా వాదించబట్టి, తీర్పు రాకముందే వెర్రెస్ మసీలియాకి, అంటే ఇప్పటి మార్సెయ్‌కి వెళ్ళిపోయాడు. అక్కడ ఇరవై ఏడేళ్ళు హాయిగా బతికాడు. తీర్పుకి ముందే ఊరు వదిలిపోయే వీలు ఉండటం రోమన్ పెద్దమనుషులు తమకోసం తెరిచి పెట్టుకున్న పెరటి తలుపు. సిసిలీ రైతుకి అలాంటి తలుపేమీ లేదు.

అసలు రాయని నియమం ఎవరికి తెలుసు? తెలిసినవాళ్ళకే తెలుసు. క్రీ.పూ. 304 దాకా కోర్టు ఏ రోజు తెరుస్తారో చెప్పే పంచాంగం కూడా పూజారుల దగ్గరే ఉండేది. కేసు వెయ్యాలంటే పెద్దింటికి వెళ్ళి, అయ్యా ఏ రోజు మంచిది అని అడగాలి. గ్నేయస్ ఫ్లావియస్ అనే గుమాస్తా, బానిసత్వం నుంచి విడుదలైనవాడి కొడుకు, ఆ పంచాంగాన్ని తెల్లటి పలకల మీద రాయించి నడిబజార్లో పెట్టేశాడు. పెద్దలకి ఒళ్ళు మండిపోయింది. అప్పటికి అతను ఎన్నికై, ఊరి బజార్లు, ఉత్సవాలు చూసే ఈడైల్ పదవిలో ఉన్నాడు. ఒకరోజు జబ్బుపడ్డ సహోద్యోగిని చూడటానికి వెళితే, అక్కడ కూర్చున్న పెద్దింటి కుర్రాళ్ళు కావాలనే లేవలేదు, చోటివ్వలేదు. ఫ్లావియస్ ఏమీ అనలేదు. ఇంటికి కబురు పెట్టి తన పదవికి చెందిన దంతపు కుర్చీ తెప్పించుకున్నాడు. మంచం పక్కన వేయించుకుని, దర్జాగా కూర్చుని, వాళ్ళ మొహాలు చూస్తూ ఉన్నాడు.

ఈ కథ చదివినప్పుడల్లా నాకు ఆ దీపాల వేళ గుర్తొస్తుంది. నియమం చెప్పినావిడే మినహాయింపు కూడా చెబుతుంది. కొత్తగా వచ్చినవాళ్ళకి నియమం వర్తిస్తుంది గానీ మినహాయింపు వర్తించదు. అందుకని, రాయకుండా వదిలెయ్యడమే గొప్పతనం అనేవాళ్ళతో నేను ఏకీభవించలేను. పలక మీద రాసి బజార్లో పెట్టమని అడిగేది ఎప్పుడూ బయట నిలబడ్డవాళ్ళే.

మరి నా మాట? దాన్ని కొంచెం సవరించుకోవాలి, వదులుకోనక్కర్లేదు. దిగినవాడికి భయం లేకపోవడం ఆచారాన్ని నిలబెట్టింది నిజమే. అది కొందరికే ఉండటం వల్లే, మిగతావాళ్ళకి ఆ ఆచారాన్ని కాపాడాలన్న పట్టింపు లేకపోయింది. టైబీరియస్ చుట్టూ చేరిన భూమిలేని జనానికి సెనేట్ మర్యాద పోతే ఏం పోయినట్టు?

రాసి చూసినవాడు

పోనీ రాసేస్తే సరిపోయేదా? ఆ పనీ ఒకడు చేశాడు. చేసినవాడు సుల్లా కావడమే తమాషా.

క్రీ.పూ. 88లో సుల్లా కాన్సల్. తూర్పున మిత్రిడేటీస్ అనే రాజు మీద యుద్ధానికి సేనాపతి. ఒక ట్రిబ్యూన్ ఓటు పెట్టించి ఆ సేనాధిపత్యం లాగేసి అతని ప్రత్యర్థి మారియస్‌కి ఇప్పించాడు. చట్టప్రకారం చెల్లుతుంది, ఆచారం ప్రకారం దారుణం. సుల్లా సైన్యాన్ని తీసుకుని రోమ్ మీదికే నడిచాడు. అంతకుముందు ఏ రోమన్ సేనాపతీ చెయ్యని పని. అతని కింద ఉన్న పెద్ద అధికారుల్లో ఒక్కడు తప్ప అందరూ వదిలేసి వెళ్ళిపోయారు. సిపాయిలు మాత్రం ఒక్కడూ పోలేదు. అధికారులకి ఆచారం ఉంది, సిపాయిలకి సుల్లా పంచబోయే దోపిడీ సొమ్ము ఉంది.

తర్వాత రెండోసారి రోమ్ మీదికొచ్చి గెలిచి నియంత అయ్యాక, ముందు చంపాల్సినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాయించి పెట్టాడు. తర్వాత రాజ్యాంగం రాయడం మొదలెట్టాడు. ఏ పదవి తర్వాత ఏ పదవి, ఎన్నేళ్ళకి, మళ్ళీ కాన్సల్ కావాలంటే ఎన్నేళ్ళు ఆగాలి, ట్రిబ్యూన్‌లు ఏం చెయ్యకూడదు, అన్నీ చట్టాలుగా చేశాడు. పాత ఆచారాన్ని ఇంత శ్రద్ధగా రాతలో పెట్టినవాడు ఇంకొకడు లేడు. క్రీ.పూ. 70 వచ్చేసరికి అందులో ట్రిబ్యూన్‌ల భాగం మొత్తం కొట్టేశారు. కొట్టేసిన ఇద్దరు కాన్సల్‌లలో ఒకడు మన పాంపే. సుల్లా మనిషే. సుల్లా రాసిన వయసు నియమం ప్రకారం అతను అసలు కాన్సల్ కాకూడదు. సెనేట్ మినహాయింపు ఇచ్చింది. గైడు పుస్తకం అవసరం పడింది ఇందుకే. కింది మెట్లెక్కి వచ్చినవాడైతే ఆ పద్ధతులు చూస్తూ చూస్తూ వంటబట్టేవి.

సుల్లా రాసిన పద్ధతి ఎందుకు నిలవలేదు? రాసిన చేతికి నెత్తురంటి ఉండటం ఒక కారణం. ఇంకో కారణం, అతను నియమాలు రాశాడు గానీ భయాన్ని తియ్యలేదు, పెంచాడు. ఓడినవాడి పేరు బోర్డెక్కుతుందని ఊరంతా చూసింది. ఇక ఓడటానికి ఎవరు సిద్ధపడతారు?

అయినా అతను మాత్రం దిగాడు. అంగరక్షకులని పంపేసి నడిబజార్లో మామూలు మనిషిలా తిరిగాడు. ఒక కుర్రాడు వెంటపడి ఇంటి గుమ్మందాకా తిడుతూనే ఉన్నాడట. సుల్లా ఏమీ చెయ్యకుండా, ఇకమీదట ఇలాంటి అధికారాన్ని ఎవరూ వదులుకోకుండా చేసేది వీడే అన్నాడని చరిత్రకారుడు అప్పియన్ రాశాడు. తర్వాత సీజర్ అన్నమాట ఇంకా పేరుపడ్డది, నియంత పదవి వదులుకున్న సుల్లాకి ఓనమాలు రావని.

1948 నవంబర్ 4న మన రాజ్యాంగ సభలో అంబేడ్కర్, గ్రీకు చరిత్ర రాసిన గ్రోట్‌ని ఉటంకిస్తూ, రాజ్యాంగ నైతికత సహజంగా వచ్చే గుణం కాదు, పెంచుకోవాల్సింది అన్నారు. ఆయన మాట ఏథెన్స్ దారిలో వచ్చింది. రోమ్ వైపు నుంచి నేను చేర్చేది ఒక్కటే: అది ఏ నేలలో మొలుస్తుందో కూడా చూడాలి.

ఆకాశం చూస్తూ కూర్చున్న కాన్సల్

క్రీ.పూ. 59 గురించి రాయకుండా ఉండలేను, అంత నవ్వులాటగా ఉంటుంది. సీజర్, బిబులస్ ఇద్దరూ కాన్సల్‌లు. ఒకరంటే ఒకరికి పడదు. సీజర్ భూమి చట్టాన్ని ఆపడానికి బిబులస్ సభకి వెళితే నెత్తిన పేడబుట్ట బోర్లించారు, అతని ముందు నడిచే బంట్రోతుల అధికార చిహ్నాలు విరగ్గొట్టారు. అతను ఇంటికెళ్ళి తలుపేసుకుని, ఇకనుంచి నేను శకునాల కోసం ఆకాశం చూస్తుంటాను అని ప్రకటించాడు. ఒక అధికారి ఆకాశం చూస్తున్న రోజున సభలో ఓటింగు చెల్లదన్నది పాత నియమం. ఏడాదిలో మిగిలిన నెలలన్నీ అతను ఆకాశం చూస్తూనే ఉన్నాడు, ఇంట్లోంచే. ఊళ్ళో జనం ఆ ఏడాదిని 'జూలియస్, సీజర్ కాన్సల్‌లుగా ఉన్న సంవత్సరం' అని పిలుచుకుని నవ్వుకున్నారు.

నవ్వు అక్కడితో అయిపోయింది. బిబులస్ ఆకాశం చూసినన్నాళ్ళూ సీజర్ చేసిన చట్టాలు చెల్లవని వాదించడానికి ఆధారం దొరికింది. అంటే సీజర్ పదవి దిగిన క్షణం కేసు సిద్ధం. సైన్యాన్ని విడిచిపెట్టిన వెంటనే కోర్టుకి లాగుతానని అతని ప్రత్యర్థి సెనేటర్ కేటో బహిరంగంగా ఒట్టేసి చెబుతుండేవాడు. పదవిలో ఉన్నన్నాళ్ళూ కేసు పెట్టలేరు. కాబట్టి సీజర్‌కి ఇక పదవికీ పదవికీ మధ్య ఒక్క రోజు కూడా ఖాళీ ఉండకూడదు. గాల్‌లో, అంటే ఇప్పటి ఫ్రాన్స్ వైపు, ఏళ్ళ తరబడి చేసిన యుద్ధం వెనక కీర్తి, డబ్బు, అప్పులు, అన్నీ ఉన్నాయి. ఈ భయమూ ఉంది. ఆ కేసు నిజంగా పెట్టేవారా అని ఈనాటి చరిత్రకారుల్లో వాదన ఉంది. సీజర్ పెడతారనే నమ్మాడు, నా వాదనకి అది చాలు.

క్రీ.పూ. 50 డిసెంబర్‌లో ట్రిబ్యూన్ క్యూరియో ఒక ప్రతిపాదన పెట్టాడు. సీజర్, పాంపే ఇద్దరూ ఒకేసారి సైన్యాలు వదిలెయ్యాలి. 370 మంది సెనేటర్లు సరే అన్నారు, 22 మంది వద్దన్నారు. ఈ అంకె దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. అంతమంది యుద్ధం వద్దనుకున్నారు. అయితే సెనేట్ ఇచ్చేది సలహాయే కదా! కాన్సల్ మార్సెల్లస్ కోపంతో సభ ముగించేసి, తనంతట తానే వెళ్ళి, సీజర్ మీదికి వెళ్ళమని పాంపే చేతికి కత్తి ఇచ్చాడు. నెలన్నర తిరక్కుండా సీజర్, సైన్యంతో దాటకూడని సరిహద్దు నది రూబికాన్ దాటాడు. ఫార్సాలస్‌లో పాంపే మీద గెలిచాక, పడి ఉన్న రోమన్ శవాలని చూసి అతనన్న మాటని, అక్కడే ఉన్న పోలియో రాసి పెట్టాడు: వీళ్ళే కోరుకున్నారు, ఇన్ని ఘనకార్యాలు చేసిన నేను సైన్యం సాయం అడగకపోతే నాకు శిక్ష పడేది. నేరం చేసినవాడు చెప్పుకునే సాకే అది, కాదనను. కానీ సాకు కోసమైనా అతను ఎంచుకున్నది ఈ కారణాన్నే.

నల్గొండ నాణెం

రోమన్లు చివరికి రాసుకున్నారు. వెస్పాసియన్ చక్రవర్తికి క్రీ.శ. 69-70లో అధికారాలిస్తూ చేసిన చట్టం కంచు పలక మీద మిగిలింది, రోమ్‌లోనే కాపిటలైన్ మ్యూజియంలో ఉంది. రాజ్యానికి మంచిదని తనకి తోచిన ఏ పనైనా అతను చెయ్యొచ్చు, మొదటి చక్రవర్తి ఆగస్టస్‌కి ఉన్నట్టు, అతని తర్వాతి టైబీరియస్‌కి (గ్రాకస్ కాదు) ఉన్నట్టు, క్లాడియస్‌కి ఉన్నట్టు అని అందులో ఉంటుంది. ఎవరెవరు ఏం చేసేవారో వరసగా చెప్పి, ఇతనూ అదే చెయ్యొచ్చు అనడం. ఇంటా వంటా ఉన్న పనే అని కంచు మీద రాసిచ్చారు.

మన దగ్గర నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో వెయ్యికి పైగా రోమన్ వెండి నాణేలు దొరికాయి. ఆగస్టస్‌వి, టైబీరియస్ చక్రవర్తివి. దక్షిణాదిన దొరికే రోమన్ వెండిలో ఎక్కువగా కనిపించే ఒక రకాన్ని మ్యూజియం అద్దాల పెట్టెలో చూశాను. ఒకవైపు ఆగస్టస్ తల. రెండోవైపు ఇద్దరు కుర్రాళ్ళు నిలబడి ఉంటారు, మధ్యలో డాళ్ళు, ఈటెలు, పైన పూజారి గరిటె, వంకీ కర్ర. వాళ్ళు ఆగస్టస్ దత్తు తీసుకున్న మనవలు గైయస్, లూసియస్. అంచు చుట్టూ ఉన్న పొట్టి అక్షరాల్లో 'కాస్ డెసిగ్' అని ఉంటుంది. కాన్సల్‌లుగా ఎంపికైనవాళ్ళు అని. పాత పద్ధతిలో కాన్సల్ కావాలంటే నలభై దాటాలి. పెద్దవాడు గైయస్‌ని ఎంపిక చేసినప్పుడు మీసాలు కూడా రాలేదు, పద్నాలుగో పదిహేనో. చిన్నవాడైతే కాన్సల్ కాకుండానే చచ్చిపోయాడు. ఎవరూ ఏమీ అనలేదు. పదవి పేరు అదే, ఎన్నిక అదే, సెనేట్ అదే.

ఇక్కడ దొరికిన నాణేల్లో కొన్నింటి మీద చక్రవర్తి ముఖానికి అడ్డంగా లోతైన గాటు ఉంటుంది. ఎందుకు పెట్టారో రకరకాలుగా చెబుతారు. లోపలంతా వెండేనా, పైపూతా అని చూసుకోవడానికి మనవాళ్ళు ఉలితో కొట్టి చూశారని ఒక మాట.